చలానాలు టైముకు కడుతున్నా క్లెయిములు ఎందుకు రిజెక్ట్ అవుతున్నాయి? పీఎఫ్, ఈఎస్ఐ, గ్రాట్యుటీ బాధ్యత కొత్తగా తీసుకున్నవాళ్లకు

అమ్మా, మీ ప్రశ్న చదివాను. తిరుపతిలో రెండు లాడ్జీలు, ఒక హోటల్, చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉన్న సంస్థలో మీరు అకౌంట్స్ చూస్తున్నారు. పాత మేనేజర్ మానేయడంతో పీఎఫ్, ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా), గ్రాట్యుటీ (సర్వీసు ఏళ్లను బట్టి మానేసేటప్పుడు ఇచ్చే మొత్తం), గ్రూప్ ఇన్సూరెన్స్ అన్నీ మీ మీద పడ్డాయి. పర్మినెంట్ వాళ్లు నూట ముప్పై మంది, మామిడి సీజన్‌లో కాంట్రాక్టు మీద వచ్చేవాళ్లు ఇంకో రెండొందల మంది దాకా. "చలానాలు ఒక్క నెల కూడా ఆలస్యం కాలేదు, అయినా మానేసినవాళ్ల క్లెయిములు రిజెక్ట్ అవుతున్నాయి. పైగా కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగారు.

ఈ ప్రాంతంలో చిన్న, మధ్యస్థాయి సంస్థలకు చాలా ఏళ్లుగా నేను ఈ పనే చేస్తున్నాను. మన దగ్గర అందరూ నెలనెలా 15వ తేదీనే చూస్తారు. పీఎఫ్‌కూ ఈఎస్ఐకీ గడువు అదే కాబట్టి చలానా కట్టి రసీదు ఫైల్లో పెడితే పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆ డబ్బుతో ఉద్యోగికి పని పడేది జబ్బు చేసినప్పుడు, మానేసినప్పుడు, లేదా మనిషి పోయినప్పుడు. ఆ రోజు అడిగే కాగితాలు వేరు. అందుకే మీరు క్లెయిము నుంచి వెనక్కి రండి. ఈ మనిషి రేపు మానేస్తే, రేపు ప్రమాదం జరిగితే, ఏ వివరం అడ్డం పడుతుంది అని ఒక్కొక్కరి పేరు మీదా చూసుకోవాలి. నూట ముప్పై మందికి ఇది అసాధ్యమేమీ కాదు.

అన్నిటికన్నా ముందు పేర్లు. మన జిల్లాల్లో ఈ సమస్య ఇంకా ఎక్కువ. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు ఉంటుంది, అదీ ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా. నగరి, సత్యవేడు, చిత్తూరు వైపు తమిళ కుటుంబాల్లో తండ్రి పేరు మొదటి అక్షరమే ఇంటిపేరు స్థానంలో ఉంటుంది. ఆధార్‌లో ఒక్క అక్షరం, పాన్‌లో తండ్రి పేరు మొత్తం, బ్యాంకు పాస్‌బుక్‌లో అదే పేరు చివర. పెళ్లయిన ఆడవాళ్ల విషయంలో ఇంకో మార్పు కూడా కలుస్తుంది. మనిషి ఒక్కడే, కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. పుట్టిన తేదీలదీ ఇదే కథ, స్కూల్లో రాయించింది ఒకటి, ఆధార్‌లో పడింది ఇంకొకటి.

ఒక ఎక్సెల్ షీటు తెరవండి. యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబర్), ఆధార్‌లో పేరు, పాన్‌లో పేరు, బ్యాంకులో పేరు, పీఎఫ్‌లో పేరు, పుట్టిన తేదీ, తండ్రి లేదా భర్త పేరు, చేరిన తేదీ, నామినేషన్ ఉందా లేదా. ఈ కాలమ్‌లు చాలు. తేడా ఉన్న గళ్లకు రంగు వేయండి. మొదటిసారి చూసినప్పుడు షీటంతా రంగే కనిపిస్తుంది, టెన్షన్ పడొద్దు. 2025 జనవరి నుంచి ఈ సవరణలు చాలావరకు తేలికయ్యాయి. 2017 అక్టోబర్ 1 తర్వాత వచ్చిన, ఆధార్‌తో సరిపోలిన యూఏఎన్ అయితే పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు, చేరిన తేదీ లాంటివి ఉద్యోగే ఆన్‌లైన్‌లో మార్చుకోవచ్చు, కంపెనీ ఆమోదం కూడా అక్కర్లేదు. అంతకుముందు నంబర్లవే మీ లాగిన్‌కు వస్తాయి, వాటిని రోజుల తరబడి పెండింగ్‌లో పెట్టకండి. చాలా చోట్ల ఆలస్యం పీఎఫ్ ఆఫీసులో జరగదు, కంపెనీ లాగిన్ ఎవరూ తెరవక జరుగుతుంది.

మానేసినవాళ్లకు మానేసిన తేదీ వేయడం కూడా మర్చిపోకూడదు. మన దగ్గర రూం బాయ్‌లు, సప్లయర్లు ఒక హోటల్ నుంచి ఇంకో హోటల్‌కు చెప్పకుండానే మారిపోతుంటారు. మీరు తేదీ వేయకపోయినా, అంచనాగా తప్పు తేదీ వేసినా, కొత్త సంస్థలో చేరిన తేదీతో అది కలగాపులగమై ట్రాన్స్‌ఫర్ ఆగిపోతుంది. చివరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే ఆ తేదీ వేసుకునే వీలుంది, కానీ వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు.

ఇప్పుడు మీ హోటల్ చెఫ్ లాంటివాళ్ల విషయం. ఈ తప్పు చాలా సంస్థల్లో బయటపడకుండా దాగి ఉంది. 2014 సెప్టెంబర్ 1న పీఎఫ్ జీత పరిమితి 6,500 నుంచి 15,000 రూపాయలకు పెరిగింది. ఆ తేదీ తర్వాత మొదటిసారి పీఎఫ్‌లో చేరి, చేరేనాటికే జీతం 15,000 దాటి ఉంటే ఆ మనిషికి పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకంలో సభ్యత్వం ఉండదు. యజమాని వాటా 12 శాతం మొత్తం పీఎఫ్ ఖాతాకే వెళ్లాలి. మరి మన దగ్గర ఏం చేస్తారంటే, చెఫ్‌ను 28 వేలకు పెట్టుకుంటారు, పీఎఫ్ మాత్రం 15,000 మీదే కడదాం అంటారు, కట్టేది 15 వేల మీదే కదా అని అందులో 8.33 శాతం, అంటే 1,250 రూపాయలు, అలవాటుగా పెన్షన్‌కు పంపేస్తారు. ఏళ్లు గడిచాక అతను క్లెయిము పెడితే, అసలు నీకు పెన్షన్ సభ్యత్వమే లేదంటారు. అప్పుడు ఆ డబ్బును లెక్కగట్టి పీఎఫ్‌లోకి మళ్లించాలంటే మీకూ అతనికీ నెలల పని. 2014 సెప్టెంబర్ తర్వాత చేరినవాళ్లలో మొదటి జీతం 15,000 దాటినవాళ్ల జాబితా వేరుగా తీయండి. అందులో ఇంతకుముందు ఎక్కడైనా పెన్షన్ సభ్యత్వం ఉండి, ఆ డబ్బు తీసుకోనివాళ్లు మినహాయింపు. మిగతావాళ్ల ఈసీఆర్‌లో (పీఎఫ్‌కు నెలనెలా పంపే ఉద్యోగులవారీ లెక్కలో) పెన్షన్ గడి సున్నా ఉండాలి.

నామినేషన్ గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం కుటుంబాలదే. నాకు తెలిసిన ఒక సంస్థలో వంటమనిషి గుండెపోటుతో పోయాడు. ఉద్యోగంలో చేరినప్పుడు బ్రహ్మచారి, నామినీగా అన్న పేరు రాశాడు. తర్వాత పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. ఎవరూ ఆ కాగితం మార్చలేదు. అన్న మంచివాడే, కానీ డబ్బు తనకే రావాలేమోనని, ఆ డబ్బుతో తమ్ముడి అప్పులు తీర్చి మిగిలింది ఇద్దామని అనుకున్నాడు. నిజానికి పీఎఫ్ నిబంధనల ప్రకారం, కుటుంబం లేనప్పుడు చేసిన నామినేషన్ పెళ్లయిన క్షణంలోనే చెల్లకుండా పోతుంది. కుటుంబం ఉన్న మనిషి కుటుంబ సభ్యులకే నామినేషన్ చేయాలి, అన్నదమ్ములు ఆ నిర్వచనంలో లేరు. చివరికి డబ్బు భార్యాపిల్లలకే వచ్చింది. కానీ ఆమె చంకలో బిడ్డతో తహసీల్దార్ ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కోసం తిరగాల్సి వచ్చింది, బావగారితో మాటలు కూడా ఆగిపోయాయి. అతను బతికున్నప్పుడు ఫోన్లో పావుగంట కూర్చుని ఈ-నామినేషన్ చేసి ఉంటే ఇదేదీ లేదు.

అలాంటప్పుడు కుటుంబానికి రావాల్సింది పీఎఫ్ నిల్వ ఒక్కటే కాదు. ఈడీఎల్ఐ అని యజమాని 0.5 శాతం కట్టే బీమా ఒకటి ఉంది, ఉద్యోగుల్లో ఎక్కువమంది దాని పేరే విని ఉండరు. చివరి 12 నెలల సగటు జీతానికి 35 రెట్లు, దానికి పీఎఫ్ సగటు నిల్వలో సగం (1.75 లక్షలు మించకుండా) కలిపి, గరిష్ఠంగా 7 లక్షల దాకా వస్తుంది. లెక్కకు తీసుకునే జీతం 15,000 వరకే. ఏడాది పూర్తిగా పనిచేసి ఉంటే కనీసం 2.5 లక్షలు. 2025లో వచ్చిన మార్పుతో, చేరిన ఏడాదిలోపే పోయినా కనీసం 50 వేలు ఉంది. ఉద్యోగం మారేటప్పుడు రెండు నెలల వరకు ఖాళీ వచ్చినా సర్వీసు తెగినట్టు చూడరు. భార్యకు పెన్షన్, ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు వచ్చేదాకా పిల్లల పెన్షన్ కూడా ఉంటాయి. ఇవన్నీ సక్రమంగా రావాలంటే నామినేషన్‌లో ఫోటోలతో సహా కుటుంబం ఎక్కి ఉండాలి. లాడ్జీలో షిఫ్టు మారే వేళ నలుగురు నలుగురిని కూర్చోబెట్టి చేయించండి. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబర్ పనిచేస్తుందో లేదో ముందురోజే కనుక్కోండి, చాలామంది పాత సిమ్ పారేసి ఉంటారు, ఓటీపీ దగ్గరే ఆగిపోతారు.

ఈఎస్ఐ సంగతికి వస్తే, పరిమితి నెలకు 21,000. 2017 జనవరి నుంచి అదే ఉంది, జీతాలు మాత్రం పెరుగుతూ వచ్చాయి. అందువల్ల మీ దగ్గర 20 వేలకూ 23 వేలకూ మధ్య ఉన్న రిసెప్షనిస్టులు, కెప్టెన్లు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లు చాలా ఇబ్బంది పడతారు. వెయ్యి రూపాయల ఇంక్రిమెంట్ వస్తుంది, సంతోషపడతారు, కొన్నాళ్లకు కుటుంబం మొత్తానికీ వైద్యం పోతుంది. జీతం 21,000 దాటిన వెంటనే కోత ఆపేయడం ఇంకో తప్పు. ఏప్రిల్-సెప్టెంబర్, అక్టోబర్-మార్చి అని రెండు చందా కాలాలు ఉంటాయి. మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం ముగిసేదాకా, పెరిగిన జీతం మీదే, యజమాని 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కట్టాల్సిందే. మే నెలలో ఇంక్రిమెంట్ ఇస్తే సెప్టెంబర్ దాకా కోత ఉంటుంది, దానికి తగ్గ ప్రయోజన కాలం, అంటే ఆ చందాకు వైద్యం అందే కాలం, వచ్చే ఏడాది జనవరి నుంచి జూన్ దాకా. అంటే ఆ మనిషిని ఆ జూన్ ముగిసేలోపు గ్రూప్ పాలసీలో చేర్చాలి. ఈ తేదీ మీ షీటులో ఉండాలి, ఉద్యోగికి కూడా ముందే చెప్పాలి. యజమాని గారితో ఇంక్రిమెంట్ల గురించి మాట్లాడేటప్పుడే ఈ ఖర్చు కూడా చెప్పేయండి.

కొత్తవాళ్లను చేరిన 10 రోజుల్లో ఈఎస్ఐలో నమోదు చేయాలి. "నాలుగు రోజులు చూసి, నిలబడితే ఎక్కిద్దాం" అనే మాట హోటల్ లైన్లో బాగా వింటాను. పనిలో గాయానికి మొదటి రోజు నుంచే హక్కు ఉంది, డ్యూటీకి వచ్చే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా. నమోదు తేదీ ప్రమాదం తేదీ కన్నా తర్వాత ఉంటే మీరు ఎన్ని వివరణలు ఇచ్చినా అనుమానం వస్తుంది. కార్డులో భార్య, పిల్లలు, ఆధారపడిన తల్లిదండ్రుల పేర్లు ఎక్కాయో లేదో కూడా చూడండి. తిరుపతి ఈఎస్ఐ ఆసుపత్రి దాకా వెళ్లాక పేరు లేదని తెలిస్తే వాళ్లు ఏం చేయాలి?

లేబర్ కోడ్‌ల గురించి వాట్సాప్‌లో తిరిగేవన్నీ పట్టించుకోవద్దు. పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు కోడ్‌లూ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చాయి. మీ పనికి ముఖ్యమైంది జీతం నిర్వచనం. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగం జీతంలో కలిసిపోతుంది. మీ సూపర్‌వైజర్ మొత్తం జీతం 24,000, అందులో బేసిక్ 8,000, మిగతా 16,000 రకరకాల అలవెన్సులు అనుకోండి. సగం అంటే 12,000. అలవెన్సులు దాన్ని 4,000 దాటాయి, కాబట్టి లెక్కకు జీతం 12,000. పీఎఫ్ కోత 960 నుంచి 1,440 అవుతుంది. పదేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ (నెల జీతాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి) పాత లెక్కలో 46,154 రూపాయలు, కొత్త లెక్కలో 69,231. 15,000 పరిమితి మీదే ఇప్పటికే పీఎఫ్ కడుతున్నవాళ్లకు చేతికొచ్చే జీతం తగ్గదు, ఈ మాట కేంద్ర కార్మిక శాఖ కూడా స్పష్టం చేసింది. బేసిక్ బాగా తక్కువ పెట్టుకున్న సంస్థలకే అసలు మార్పు. నా దృష్టిలో ఇది మంచి మార్పు. ఏళ్ల తరబడి బేసిక్‌ను కిందికి నొక్కి, పని మానేసేనాటికి ఉద్యోగి చేతిలో ఏమీ మిగలకుండా చేసిన పద్ధతి అది.

ఫిక్స్‌డ్ టర్మ్ మీద (ఇంతకాలమే అని రాతపూర్వక ఒప్పందంతో) పెట్టుకున్నవాళ్లకు ఇప్పుడు ఏడాది చాలు, గ్రాట్యుటీ వస్తుంది. మిగతావాళ్లకు ఐదేళ్లే. మానేసిన లేదా తీసేసిన మనిషికి జీతం బకాయి రెండు పనిదినాల్లో ఇవ్వాలి. "నెలాఖరు సెటిల్‌మెంట్" అనే అలవాటు మార్చుకోవాలి. మీ లాడ్జీల్లో ఇరవై ఏళ్లు దాటినవాళ్లు ఉన్నారని రాశారు. వాళ్ల గ్రాట్యుటీ ఇప్పటికే ఎంత అయిందో లెక్కగట్టి యజమాని ముందు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రాట్యుటీకి బీమా తీసుకోవాలన్న నిబంధనలు 2011లోనే వచ్చాయి. ఎల్ఐసీ గ్రూప్ గ్రాట్యుటీ లాంటిది తీసుకుని ఏటా కొంత కడితే, నలుగురు ఒకే ఏడాది రిటైరైనా ఆ నెల వ్యాపారం మీద భారం పడదు. చేతి నుంచి ఇచ్చుకుందాంలే అనుకున్నచోట, చివరికి ఆ ముసలివాళ్లే వాయిదాల కోసం కౌంటర్ ముందు నిలబడటం చూశాను.

గ్రూప్ హెల్త్ పాలసీ గురించి తక్కువే చెప్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీలకు జీఎస్టీ లేదు, గ్రూప్ పాలసీలకు 18 శాతం అలాగే ఉంది. అందుకని గ్రూప్ పాలసీ తీసేసి, డబ్బులిస్తాం, మీరే కొనుక్కోండి అని కొందరు యజమానులు అంటున్నారు. ఒప్పుకోవద్దు. బీపీ, షుగర్ ఉన్న మనిషికి గ్రూప్ పాలసీలో మొదటి రోజు నుంచే కవర్ పెట్టించవచ్చు, విడిగా కొంటే మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. పాలసీలో రూం రెంట్ పరిమితి మాత్రం చూసి సంతకం పెట్టండి. రోజుకు 3,000 పరిమితి ఉండి, 6,000 గదిలో చేరితే గది తేడానే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ ఖర్చు కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు. ఉద్యోగులకు ఈ ఒక్క ముక్క తెలుగులో రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఇక ఫ్యాక్టరీ. తోతాపురి సీజన్‌లో మేస్త్రీలు (కూలీల కాంట్రాక్టర్లు) తెచ్చే రెండొందల మంది మీ ఉద్యోగులు కారని పాత మేనేజర్ అనుకున్నట్టున్నారు. పీఎఫ్, ఈఎస్ఐ రెండిట్లోనూ కాంట్రాక్టర్ కట్టకపోతే చివరి బాధ్యత మీ సంస్థదే. బిల్లుతో పాటు చలానా జిరాక్స్ ఇస్తే సరిపోదు. ఒకే చలానాను మూడు ఫ్యాక్టరీలకు చూపించే మేస్త్రీలు ఉన్నారు. ఈసీఆర్‌లో ఉన్న పేర్లను మీ గేటు హాజరుతో పోల్చి, సరిపోయినవాటికే బిల్లు పాస్ చేయండి.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. ఏటా ఒక్కో మేస్త్రీ కింద ఒక్కో కొత్త యూఏఎన్ పుట్టించడం వల్ల పదిహేను సీజన్లు పనిచేసిన ఆడమనిషికి కూడా పదేళ్ల పెన్షన్ సర్వీసు చూపించడానికి ఉండదు. నిజానికి సీజన్ పనివాళ్లకు ఆ ఏడాదిలో చేసిన కొద్ది నెలల పనినే పూర్తి ఏడాది సర్వీసుగా లెక్కించాలని పెన్షన్ పథకంలోనే ఉంది. ఆ హక్కు దక్కాలంటే నంబర్ ఒక్కటే ఉండాలి. 2025 ఆగస్టు నుంచి కొత్త యూఏఎన్‌కు ఉమంగ్ అనే ప్రభుత్వ యాప్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశాక ఈ డూప్లికేట్లకు చాలావరకు అడ్డుకట్ట పడింది. కానీ సీజన్ మొదలైన రోజున రెండొందల మందిని గేటు దగ్గర నిలబెట్టి ముఖాలు స్కాన్ చేయడం జరిగే పని కాదు. అక్కడ సిగ్నల్ కూడా అంతంతమాత్రమే.

పాత ఏళ్లలో వదిలేసినవాళ్లను చేర్చడానికి పీఎఫ్ సంస్థ ఒక అవకాశం ఇచ్చింది. 2017 జూలై 1 నుంచి 2025 అక్టోబర్ 31 మధ్య చేరి, నమోదు కానివాళ్లను చూపిస్తే, కోత వేయని ఉద్యోగి వాటా మాఫీ, జరిమానా వంద రూపాయలు. గడువు 2025 నవంబర్ 1 నుంచి 2026 ఏప్రిల్ 30 వరకు. ఆ గడువులో పని జరిగిందో లేదో మీ ఫైళ్లలో చూడండి. జరగకపోతే బకాయి మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు బకాయి మీదే నెలకు 1 శాతం జరిమానా లెక్క వేసుకుని యజమానితో మాట్లాడాలి. అదే సమయంలో కొత్తగా పెట్టుకున్నవాళ్ల మీద సంస్థకు వచ్చే డబ్బు కూడా చూపించండి. వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య చేరిన అదనపు ఉద్యోగులకు, ఆరు నెలలు నిలబెడితే, ఒక్కొక్కరి మీద నెలకు 3,000 దాకా యజమానికి రెండేళ్లు వస్తుంది. ఫ్యాక్టరీలకైతే నాలుగేళ్లు. మొదటిసారి పీఎఫ్‌లో చేరిన ఉద్యోగికీ రెండు విడతల్లో 15,000 దాకా ఉంది. ఖర్చు మాటతో పాటు రాబడి మాట కూడా చెప్తే యజమానులు వింటారు.

సీజన్ వాళ్లకు ఈఎస్ఐలో ఒక సంగతి గుర్తుంచుకోండి. జబ్బు చేస్తే నగదు రావాలంటే ఒక చందా కాలంలో 78 రోజుల చందా పడాలి. రెండు నెలల సీజన్‌లో అది కుదరదు. కానీ యంత్రంలో చెయ్యి పడితే అలాంటి షరతేమీ లేదు, నమోదై ఉంటే చాలు. అందుకే ఏప్రిల్‌లోనే మేస్త్రీలను పిలిపించి, కిందటేడు వచ్చినవాళ్ల పేర్లు, ఆధార్, పాత యూఏఎన్ తీసుకోండి. పాత నంబర్ ఉన్నవాళ్లకు కొత్తది పుట్టించొద్దని మేస్త్రీ ఒప్పంద పత్రంలోనే రాయించండి. కొత్తవాళ్లను పది పదిహేను మంది చొప్పున మే నెలలో ఆఫీసుకు రప్పించి ఉమంగ్ పని ముగించండి, ఆ రోజు కూలి సంస్థే ఇచ్చేలా యజమానిని ఒప్పించండి.